అంచు అల్లికతో క్రోషియా మణికట్టు తొడుగులు: తరచుగా అడిగే ప్రశ్నలు

మణికట్టు తొడుగు అంటే సరిగ్గా ఏమిటి? గ్లవ్స్ ఉండగా ఇది ఎందుకు?

అరచేతి మధ్య నుంచి మణికట్టు దాటి ముంజేతి మీద కొంత దూరం వరకు కప్పుతూ, నాలుగు వేళ్లనూ బొటనవేలినీ బయటే వదిలేసే గొట్టంలాంటి అల్లికను మణికట్టు తొడుగు అంటున్నాం. మణికట్టు దగ్గర రక్తనాళాలు చర్మానికి బాగా దగ్గరగా పోతాయి. వైద్యులు నాడి చూసేది అక్కడే. ఆ చోటును కప్పి ఉంచితే వేళ్లు బయట ఉన్నా చెయ్యి అంతగా చల్లబడదు. పూర్తి గ్లవ్స్ వేసుకుంటే ఫోను తెర తాకడం, చిల్లర లెక్కపెట్టడం, ఆ మాటకొస్తే క్రోషియా సూది పట్టుకోవడం కూడా కుదరదు. చలి దేశాల్లో ఇది పాత అలవాటే. లిథువేనియాలో పూసలు కలిపి అల్లిన మణికట్టు పట్టీలు జానపద వేషధారణలో భాగంగా ఈనాటికీ కనిపిస్తాయి. మన దగ్గర లంబసింగి, అరకు, ఆదిలాబాద్ వంటి చోట్ల డిసెంబరు, జనవరి ఉదయాల్లో వీటి అవసరం ఉంటుంది. మిగతా ఊళ్లలో వీటిని అడిగేవారు ఎక్కువగా ఏసీ ఆఫీసుల్లో రోజంతా కీబోర్డు ముందు కూర్చునేవారు, టొరంటోలోనో షికాగోలోనో ఉన్న పిల్లలకు పార్సిల్ కట్టే తల్లులు.

డిజైన్ ఎక్కడ మొదలుపెట్టాలి?

అంచు దగ్గర మొదలుపెట్టాలి. ఈ జవాబు విని చాలామంది ఆశ్చర్యపోతారు, ఎందుకంటే అల్లేటప్పుడు అంచు చివర్లోనే వస్తుంది. కానీ తొడుగు వేసుకునేటప్పుడు చెయ్యి మొదట దూరేది అంచులోనే. మధ్య భాగం ఎంత మెత్తగా సాగినా, అంచు సాగకపోతే ఆ తొడుగు చేతికెక్కదు.

నేను అల్లిన మొదటి జత మా అమ్మకు. ఒళ్లంతా చక్కగా సాగే అల్లిక వేసి, రెండు చివర్లా తాడు పేనినట్టు కనిపించే గట్టి అంచు బిగించి, ముచ్చటపడి ఇచ్చాను. అమ్మ బొటనవేలు లోపలికి మడిచి, చెయ్యి సన్నం చేసి, గాజులు వేయించుకునేటప్పుడు చేసినట్టే చేసినా అది వేళ్ల కణుపులు దాటలేదు. సబ్బు రాయనా అని అడిగింది. అంచు విప్పి మళ్లీ వేయడానికి ఒక సాయంత్రం పట్టింది. అప్పటి నుంచి ఏ అంచు వేయాలో, దానికి ఎన్ని కుట్లు కావాలో, అది ఎంత సాగుతుందో తేల్చుకోకుండా మొదటి గొలుసు వేయడం మానేశాను.

ఏయే కొలతలు తీసుకోవాలి?

నాలుగు చాలు: మణికట్టు చుట్టుకొలత, బొటనవేలు వదిలేసి నాలుగు వేళ్ల కణుపుల మీద చుట్టుకొలత, బొటనవేలిని అరచేతిలోకి మడిచినప్పుడు చేతి చుట్టుకొలత, తొడుగు మొత్తం పొడవు. అందరూ మరిచిపోయేది మూడో కొలత, అసలు పని చేసేది కూడా అదే. ఉదాహరణకు ఒక మధ్యస్థమైన ఆడవారి చెయ్యి తీసుకుందాం. మణికట్టు 16 సెంటీమీటర్లు, కణుపుల మీద 18.5, బొటనవేలు మడిచినప్పుడు 22 ఉందనుకుందాం. మణికట్టు వైపు అంచు చేతికి వదులుగా వేలాడకుండా 16, 17 సెంటీమీటర్ల దగ్గర నిలవాలి, కానీ వేసుకునే ఆ రెండు క్షణాలు 22 వరకు సాగాలి. వేళ్ల వైపు అంచుకు అంత కష్టం లేదు. చెయ్యి కింది నుంచి లోపలికి వచ్చి నాలుగు వేళ్లు మాత్రమే పైనుంచి బయటికి వస్తాయి కనుక దానికి 18.5 చాలు. కాబట్టి రెండు అంచుల్లో సాగే గుణం ఎక్కువ కావలసింది కింది దానికి. గట్టి అంచు మీద మనసుంటే దాన్ని వేళ్ల వైపు వేసుకోవచ్చు.

తొడుగు ఒంటిని చేతి కొలత కన్నా సుమారు పదో వంతు తగ్గించి అల్లాలి. 18.5 చేతికి 16.5 సెంటీమీటర్ల తొడుగు సరిపోతుంది. తగ్గించకపోతే నాలుగు రోజులకే జారుతుంది.

ఊలు, అక్రిలిక్, నూలు: వీటిలో ఏది మంచిది?

వెచ్చదనానికీ సాగే గుణానికీ గొర్రె ఊలుకు సాటి లేదు. లాగి వదిలితే తిరిగి తన కొలతకు వస్తుంది, కొంచెం తడిసినా వెచ్చగానే ఉంటుంది. ఒంటికి దురద పెడుతుందనేవారికి మెరీనో ఊలు నప్పుతుంది. అక్రిలిక్ చవక, ఉతకడం సులువు, మన ఊరి దుకాణాల్లో ఊలు అని అడిగితే చాలాసార్లు చేతికిచ్చేది అదే. లుధియానా నుంచి వచ్చే ఉండల మీద చీటీ చదివితే ఎంత శాతం ఊలో, ఎంత శాతం అక్రిలికో ఉంటుంది, చదవకుండా కొనవద్దు. నూలు దారం చూడముచ్చటగా ఉంటుంది, కుట్టు స్పష్టంగా కనబడుతుంది, కానీ సాగదు, సాగినది తిరిగి రాదు. తొడుగు ఒంటిని ఊలుతో అల్లి అంచును మాత్రం నూలుతో వేయాలనుకునేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. రెండూ ఉతుకులో ఒకేలా కుంచించుకోవు, అంచు ముడతలు పడుతుంది.

మందం విషయంలో డీకే అని చీటీ మీద రాసి ఉన్న మధ్యరకం దారం మొదటి జతకు అన్ని విధాలా అనుకూలం. ఒక జతకు 50 నుంచి 60 గ్రాములు పడుతుంది. అంచు ఒత్తుగా వేస్తే ఇంకొంచెం. 100 గ్రాములు ఒకేసారి, ఒకే లాట్ నంబరుతో కొనుక్కోవడం మేలు. ఒకే రంగు పేరుతో ఉన్నా లాట్ మారితే ఛాయ మారుతుంది, ఆ తేడా దుకాణంలో ట్యూబులైటు కింద కాక ఇంటికొచ్చాక ఎండలో బయటపడుతుంది.

సూది నంబర్లు ఎందుకు ఒకదానితో ఒకటి కలవవు?

పాత బ్రిటిష్ లెక్క, అమెరికా లెక్క వేరువేరు గనుక. బ్రిటిష్ లెక్కలో 8 నంబరు సూది అంటే 4 మిల్లీమీటర్లు. అమెరికా లెక్కలో హెచ్-8 అంటే 5 మిల్లీమీటర్లు. అమెరికాలో ఉన్న చెల్లెలు 8 నంబరుతో అల్లు అని ఫోనులో చెబితే, మీరు ఇక్కడ బజారులో 8 అడిగి తెచ్చుకుంటే తొడుగు పిల్లల చేతికి సరిపోయేలా వస్తుంది. మిల్లీమీటర్లలో మాట్లాడుకుంటే ఈ గొడవ ఉండదు. డీకే దారానికి ఒంటికి 4, అంచుకు 4.5 లేదా 5 దగ్గర పెట్టుకోండి.

సింగిల్, డబుల్ అనే మాటలు ఒక్కో చోట ఒక్కోలా ఉన్నాయి. ఏది నమ్మాలి?

ఇదీ అలాంటి చిక్కే. అమెరికావారి సింగిల్ క్రోషియా బ్రిటిష్‌వారికి డబుల్. అమెరికావారి డబుల్ బ్రిటిష్‌వారికి ట్రెబుల్. ఒక నమూనాలో సింగిల్ అనే మాట కుట్టుకు పేరుగా ఎక్కడైనా కనిపిస్తే అది అమెరికా పద్ధతి అని దాదాపు నిశ్చయంగా చెప్పవచ్చు, ఎందుకంటే బ్రిటిష్ పద్ధతిలో ఆ పేరు సాధారణంగా వాడరు. ఈ పేజీలో అన్నిచోట్లా అమెరికా పేర్లే వాడాం: సింగిల్ అంటే దారం ముందుగా చుట్టకుండా వేసే పొట్టి కుట్టు, డబుల్ అంటే ఒకసారి దారం చుట్టుకుని రెండు విడతల్లో వదిలే పొడుగు కుట్టు, హాఫ్ డబుల్ ఆ రెంటికీ నడిమిది.

కొలత ముక్క తప్పనిసరిగా అల్లాలా?

అల్లాలి. గంటలోపు పని, నాలుగు గంటల పనిని కాపాడుతుంది. 12 సెంటీమీటర్ల చదరం అల్లి, తడిపి, ఆరబెట్టి, మధ్యలో 10 సెంటీమీటర్ల మేర ఎన్ని కుట్లు, ఎన్ని వరుసలు వచ్చాయో లెక్కపెట్టాలి. అంచు ముక్క కూడా ఒకటి వేసి చూడండి. దాన్ని రెండు చేతులతో లాగి, వదలక ముందే స్కేలు మీద పెట్టి ఎంత సాగిందో రాసుకోండి. బల్ల మీద పెట్టి కొలిచిన అంచు తొడుగు సంగతి ఏమీ చెప్పదు.

మొదటిసారి అల్లేవారికి ఏ పద్ధతి సులువు?

అడ్డంగా అల్లి గొట్టంగా కలిపే పద్ధతి. ఇందులో పెంచడం, తగ్గించడం ఏమీ ఉండవు, బొటనవేలి సందు దానంతట అదే వస్తుంది, అన్నింటికీ మించి ఈ అల్లిక చేతి చుట్టూ సాగుతుంది. లెక్క ఇలా ఉంటుంది. 4 మిల్లీమీటర్ల సూదితో డీకే దారం 10 సెంటీమీటర్లకు 17 సింగిల్ కుట్లు, 22 వరుసలు వస్తున్నాయనుకుందాం.

31 గొలుసులు వేసి, సూది నుంచి రెండో గొలుసులో మొదలుపెట్టి 30 సింగిళ్లు వేయండి. గొలుసును తిప్పి చూస్తే వెనక చిన్న చిన్న ఉబ్బులు వరుసగా కనబడతాయి. మొదటి వరుసను ఆ ఉబ్బుల్లోకి వేస్తే ముందున్న రెండు లూపులూ చెక్కుచెదరకుండా మిగిలి, చివర్లో కలిపేటప్పుడు అతుకు కనబడదు. రెండో వరుస నుంచి ప్రతి కుట్టునూ వెనక లూపులోకి, అంటే కుట్టు తల మీది రెండు పోగుల్లో మీకు దూరంగా ఉన్నదానిలోకి మాత్రమే వేయాలి. దానివల్ల రెండు వరుసలకొక గట్టు లేస్తుంది, ఆ గట్ల మధ్య సందు ఉండటం వల్లే ముక్క అకార్డియన్ తిత్తిలా ముడుచుకుని సాగుతుంది. ఒక్క మినహాయింపు: ప్రతి వరుసలోనూ చివరి కుట్టును మాత్రం రెండు లూపుల్లోకీ వేయండి. అలా చేయకపోతే వరుసల కొసలు వదులుగా జారి, తర్వాత అంచు వేసేటప్పుడు సూది ఎక్కడ గుచ్చాలో తెలియక ఇబ్బంది పడతారు.

ఇలా 36 వరుసలు అల్లితే 16.4 సెంటీమీటర్లు వస్తుంది, మనకు కావలసింది 16.5. తర్వాత ముక్కను మధ్యకు మడిచి, మొదటి గొలుసు అంచును చివరి వరుసతో స్లిప్ కుట్లతో, అంటే సూది గుచ్చి దారాన్ని ఒకేసారి అన్ని లూపుల్లోంచి లాగేసే ఎత్తులేని కుట్లతో కలపాలి. వేళ్ల వైపు నుంచి 7 కుట్లు కలపండి, 8 కుట్లు కలపకుండా వదిలేయండి, మిగిలిన 15 కలపండి. ఆ 8 కుట్ల ఖాళీ దాదాపు 4.7 సెంటీమీటర్ల బొటనవేలి సందు అవుతుంది. దాని చుట్టూ ఒక చుట్టు సింగిళ్లు వేసి, సందుకు పైనా కిందా ఉన్న మూలల్లో రెండు కుట్లను ఒకటిగా కలిపితే అక్కడ కన్నం పడదు. సందు నిలువుగా, సమంగా ఉంటుంది కనుక కుడి ఎడమల తేడా లేదు, రెండూ ఏ చేతికైనా వస్తాయి.

36 అనే సంఖ్య ఎందుకు? 35 అయితే ఏమవుతుంది?

35 అయితే గట్టు సగంలో ఆగిపోయి అతుకు దగ్గర గట్ల వరుస తప్పుతుంది, అందుకే సరి సంఖ్య కావాలి. అంతకన్నా ముఖ్యమైనది అంచు. వరుస కొసకొక సింగిల్ చొప్పున వేస్తే గొట్టం చుట్టూ సరిగ్గా 36 కుట్లు వస్తాయి. విసనకర్రలా విచ్చుకునే షెల్ అంచుకు ఒక్కో షెల్‌కు 6 కుట్లు కావాలి, 36లో ఆరు షెల్స్ మిగులు లేకుండా సర్దుకుంటాయి. మొదట అంచును నిర్ణయించుకోమని చెప్పింది ఇందుకే. 34 వరుసలు అల్లి, చివర్లో షెల్స్ సరిపోక ఒక చోట ఒక కుట్టు, ఇంకో చోట రెండు కుట్లు దాటేస్తే అది అల్లినవారికే కాక ఎదుట కూర్చున్నవారికి కూడా కనబడుతుంది.

వరుసల కొసల మీద కుట్లు ఎలా ఎత్తాలి?

సింగిల్ వరుస అయితే వరుసకొకటి, హాఫ్ డబుల్ అయితే రెండు వరుసలకు మూడు, డబుల్ అయితే వరుసకు రెండు. ఇది మొదటి అంచనా మాత్రమే, మీ చెయ్యి బిగువును బట్టి మారుతుంది. కొస దారం ఒక్కదాని కింద కాకుండా దాని పక్కనున్న కుట్టులోకి సూది గుచ్చండి. లేదంటే ప్రతి కుట్టు దగ్గరా చిన్న కన్నం విడుతుంది.

పై లెక్కలో ఒక విషయం కొందరిని కంగారు పెడుతుంది. 36 సింగిళ్లు తమంతట తాము 21 సెంటీమీటర్లు ఉండాలి, కానీ మనం వాటిని 16.4 సెంటీమీటర్ల మూతి చుట్టూ వేస్తున్నాం. కాబట్టి బల్ల మీద పెట్టినప్పుడు అంచు కొంచెం అలలాగా లేస్తుంది. తప్పు చేశామనుకుని విప్పేస్తారు. విప్పవద్దు. చెయ్యి దూరినప్పుడు 22కు సాగడానికి అవసరమైన పొడవు ఆ అలలోనే దాగి ఉంది. తొడిగిన తర్వాత షెల్స్ కింద అది పెద్దగా కనబడదు.

ఏ అంచులు సాగుతాయి, ఏవి సాగవు?

షెల్ అంచు బాగా సాగుతుంది. మొదట 4.5 సూదితో ఒక చుట్టు సింగిళ్లు వేసుకుని, తర్వాతి చుట్టులో ఒక సింగిల్, రెండు కుట్లు వదిలి మూడోదానిలో ఐదు డబుళ్లు, మళ్లీ రెండు వదిలి తర్వాతి దానిలో సింగిల్, ఇలా చుట్టు పూర్తి చేయాలి. ఐదు డబుళ్లూ ఒకే చోట నుంచి లేస్తాయి కాబట్టి వాటి అడుగు భాగం స్వేచ్ఛగా కదులుతుంది. ఏడు డబుళ్లు వేస్తే షెల్ ఇంకా నిండుగా ఉంటుందని అనిపిస్తుంది కానీ మణికట్టు దగ్గర అది చొక్కా చేతిలో మడిచిపోతుంది. నా మటుకు ఐదే అందం.

మూడు గొలుసులు వేసి మొదటి గొలుసులో స్లిప్ కుట్టుతో ముడిచే చిన్న మొగ్గను పికో అంటారు. దాని వల్ల సాగుడు తగ్గదు, పెరగదు. అడుగున ఉన్న చుట్టు ఎంత సాగితే అంత సాగుతుంది. రెండు సింగిళ్లకొక పికో వేస్తే ముళ్లకంపలా ఉంటుంది, మూడింటికొకటి వేస్తే పన్నెండు పికోలు ఊపిరాడేలా కూర్చుంటాయి. ఐర్లాండ్‌లో 1840ల కరవు కాలంలో కుటుంబాలను పోషించిన క్రోషియా లేసులో పువ్వుల మధ్య జాలీ అంతా ఈ పికోలతో నిండినదే.

కుడి చేతివాటంవారు ఎడమ నుంచి కుడికి, అంటే మామూలుగా అల్లే దిక్కుకు ఎదురుగా వేసే సింగిళ్లను క్రాబ్ స్టిచ్ అంటారు. పీత నడకలాగా వెనక్కి పోతుంది కనుక ఆ పేరు. తాడు పేనినట్టు దృఢంగా, మగవారి తొడుగులకు బాగా నప్పేటట్టు ఉంటుంది, ఎన్ని కుట్లున్నా ఇబ్బంది లేదు. కానీ సాగదు. మా అమ్మ చేతికి ఎక్కనిది ఇదే. వేయాలనుకుంటే వేళ్ల వైపు, 5 మిల్లీమీటర్ల సూదితో, ప్రతి లూపునూ కావాలని పొడుగ్గా లాగుతూ వేయండి. ఎడమ చేతివాటంవారు దిక్కులన్నీ తిరగేసుకోవాలి. వారికి క్రాబ్ కుడి నుంచి ఎడమకు నడుస్తుంది.

గొలుసు తోరణాల అంచు, అంటే ఐదు గొలుసులు వేసి మూడు కుట్లు దాటి సింగిల్‌తో బిగించేది, అన్నింటికన్నా ఎక్కువ సాగుతుంది, అన్నింటికన్నా త్వరగా దేనికో ఒకదానికి తగులుకుంటుంది.

గాజులు వేసుకునేవారికి ఏ అంచు నప్పుతుంది?

మణికట్టు వైపు పికోలూ గొలుసు తోరణాలూ వద్దు. గాజు అంచు, కెంపు గాజుల రాళ్ల పట్టీలు, గడియారం బకిల్ వీటిలో దూరి దారం లాగేస్తాయి. తొడుగు గాజుల మీదుగా రావాలా, గాజులు తొడుగు మీద నిలవాలా అన్నది ముందే అడిగి తెలుసుకోండి. రెండూ వద్దంటే కింది భాగం 8.8 సెంటీమీటర్ల నుంచి 5.3కు తగ్గించి, అంటే మొదటి గొలుసులోనే 6 కుట్లు తక్కువ వేసి, గాజులకు పైనే ఆపేయడం మంచిది. అలంకారమంతా వేళ్ల వైపు పెట్టి, కింద ఒక చుట్టు సింగిళ్లతో సరిపెట్టిన తొడుగే ఇళ్లలో ఎక్కువ కాలం మన్నడం చూశాను.

కింది నుంచి పైకి చుట్టూ అల్లితే రాదా?

వస్తుంది, అతుకు ఉండదు, బొటనవేలికి విడిగా గూడు కట్టవచ్చు. కానీ సాగే గుణం తక్కువ, లెక్క కొంచెం ఎక్కువ. హాఫ్ డబుల్ 10 సెంటీమీటర్లకు 16 కుట్లు వస్తే 16.5 సెంటీమీటర్లకు 26 కుట్లు. ఇక్కడ షెల్ అంచుకు 24 గానీ 30 గానీ కావాలి. 24కు తగ్గిస్తే మూతి బిగుసుకుంటుంది, కాబట్టి ఒళ్లంతా 26తోనే అల్లి, చివరి చుట్టులో 6, 7, 6, 7 కుట్ల గుంపులుగా చూసుకుని ప్రతి గుంపు చివరి కుట్టులో రెండేసి వేస్తే 30 అవుతుంది. బొటనవేలి గూడుకు ఒక చుట్టు విడిచి ఒక చుట్టులో రెండేసి కుట్లు పెంచుకుంటూ పోయి, ఎనిమిదో పదో కుట్లయ్యాక వాటిని పక్కన ఉంచి మిగతా చుట్టు కలిపేస్తారు. చుట్టూ అల్లే పనిలో కుట్లు నెమ్మదిగా ఒక పక్కకు వాలతాయి. బొటనవేలి చోటు అనుకున్న దగ్గర నుంచి జరిగిపోవడానికి కారణం అదే. ప్రతి చుట్టూ తిప్పి అల్లితే ఆ వాలు పోతుంది.

ఫ్రిల్లు అంచు బాగుంటుందా?

చిన్నపిల్లల తొడుగులకు బాగుంటుంది. ప్రతి కుట్టులో రెండేసి డబుళ్లు వేస్తే 36 కాస్తా 72 అవుతుంది. ఇంకో చుట్టు అలాగే వేస్తే 144. అక్కడితో ఆగండి, ఎందుకంటే మూడో చుట్టు 288 కుట్లు, అది ఒంటిలో నాలుగో వంతు కన్నా ఎక్కువ పని. ఇలా ఒకే నిష్పత్తిలో పెంచుకుంటూ పోతే అల్లిక చదునుగా పరుచుకోలేక తమలపాకు అంచులా కాక లెట్యూస్ ఆకులా ముడతలు పడుతుంది. కార్నెల్ విశ్వవిద్యాలయంలో డైనా టైమినా అనే గణిత శాస్త్రవేత్త 1997లో హైపర్‌బోలిక్ తలాన్ని, అంటే అంచుకు పోయేకొద్దీ ఇలా ముడతలు పడుతూ విస్తరించే తలాన్ని, విద్యార్థులకు చేతికిచ్చి చూపడానికి సరిగ్గా ఈ పద్ధతిలోనే క్రోషియాతో నమూనాలు అల్లారు. మనం ఫ్రిల్లు అంటున్నది ఆ లెక్క ప్రకారం నడిచే వస్తువే.

అంచులో పూసలు ఎలా కలపాలి?

అల్లడానికి ముందే దారానికి గుచ్చుకోవాలి. షెల్ కొనకొకటి చొప్పున ఒక అంచుకు 6, జతలో నాలుగు అంచులకూ 24. రెండు మూడు అదనంగా గుచ్చండి. ఎక్కువైన పూసను పట్టకారుతో నలిపి తీసేయవచ్చు, తక్కువైతే దారం కోయక తప్పదు. క్రోషియాలో పూస కుట్టుకు వెనక వైపు నిలుస్తుంది కాబట్టి పూసలు వేసే చుట్టును తొడుగు తిరగేసి లోపలి వైపు నుంచి అల్లాలి. ఈ ఒక్క సంగతి తెలియక పూసలన్నీ చర్మం వైపు పెట్టుకున్న తొడుగులు నా దగ్గర ఒక జత ఉన్నాయి.

నరసాపురం లేసు ముక్కను అంచుగా కుట్టుకోవచ్చా?

కుట్టుకోవచ్చు, కానీ సన్న నూలు లేసు సాగదని ముందే చెప్పాను. 22 సెంటీమీటర్ల పొడవు తీసుకుని, తొడుగు మూతిని పూర్తిగా లాగి పట్టుకుని, దూరం దూరంగా టాకాలు వేయండి. వదిలేశాక లేసు కుచ్చులు పడుతుంది, ఆ కుచ్చే అందం. గోదావరి పడమటి గట్టున 19వ శతాబ్దంలో స్కాట్లాండ్ మిషనరీల ద్వారా వచ్చి, ఇళ్ల అరుగుల మీద తరాల పాటు ఆడవాళ్ల చేతుల్లో నిలిచిన ఈ పనికి 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. కాబట్టి మీరు ఇంట్లో డీకే ఊలుతో వేసిన షెల్ అంచును నరసాపురం లేసు అని చెప్పి అమ్మడం సరికాదు. ఆ లేసు ముక్కనే కొని కుట్టినప్పుడు మాత్రం ఆ మాట ధైర్యంగా చెప్పండి. మేజా గుడ్డలకు పెట్టినట్టు దీనికి గంజి పెట్టవద్దు, మణికట్టు ఒరుసుకుంటుంది.

రెండోది మొదటిదానిలా రావడం లేదు, ఎందుకు?

మొదటిది అల్లిన వారం తర్వాత రెండోది పట్టుకోవడం వల్ల. చేతి బిగువు రోజుకోలా ఉంటుంది. ఒంటి ముక్కలు రెండూ ముందు అల్లి, తర్వాత రెండింటికీ ఒకే పూట అంచులు వేయండి. అంచుల కోసం 15 గ్రాముల దారం మొదట్లోనే తూచి పక్కన పెట్టుకుంటాను; రెండో తొడుగు కింది అంచు దగ్గర దారం అయిపోవడం అనే అనుభవం ఒక్కసారి చాలు.

ఉతకడం, సాపు చేయడం ఎలా?

చల్లని నీటిలో కొంచెం షాంపూ కలిపి పది నిమిషాలు నానబెట్టి, పిండకుండా తువ్వాలులో చుట్టి నొక్కి, నీడలో పరిచి ఆరబెట్టాలి. తీగ మీద వేలాడదీస్తే సాగి, సాగిన చోటే ఆరిపోతుంది. గొర్రె ఊలు అయితే తడిగా ఉన్నప్పుడే షెల్స్‌ను ఒక్కొక్కటి వేలితో విప్పి తుప్పు పట్టని గుండుసూదులతో గుచ్చి ఉంచితే ఆరాక అలాగే నిలుస్తాయి. అక్రిలిక్ అయితే ఇస్త్రీపెట్టె ఆవిరిని రెండు మూడు సెంటీమీటర్ల ఎత్తు నుంచి, అంచు మీద మాత్రమే, క్షణం సేపు చూపించండి. తాకించారా, అల్లిక జీవం పోయి మెత్తగా వేలాడుతుంది. ఇక సాగి వెనక్కి రాదు, దాన్ని బాగుచేసే దారి లేదు. గట్ల అల్లికకు అసలు ఆవిరి పట్టవద్దు.

అమ్మాలంటే ధర ఎలా కట్టాలి?

చెయ్యి తిరిగినవారికి షెల్ అంచుతో ఒక జతకు నాలుగు నుంచి ఆరు గంటలు పడుతుంది. దారం ఖర్చు మాత్రమే చూసి ధర చెప్పేవారు ఆ గంటలను ఊరికే ఇచ్చేస్తున్నారు. చలికాలంలో టిబెట్టు వాళ్లు మన ఊళ్లలో వేసే స్వెటర్ల దుకాణాల్లో దొరికే యంత్రపు గ్లవ్స్ ధరతో పోల్చి బేరమాడేవారికి ఒక మాట చెప్పవచ్చు: అల్లిక యంత్రాలు నిట్టింగ్ చేస్తాయి గానీ, ఒక్కో కుట్టునూ విడిగా ముగిస్తూ పోయే అసలు క్రోషియాను చేసే యంత్రం బజారులో లేదు. ఆ మాట విన్నాక కూడా కొందరు సగం ధరకే అడుగుతారు. వారికి అంచు లేని జత చూపించండి, ఆ జత నాలుగు గంటల లోపే అయిపోతుంది.